కొత్తగా మేనేజరైన మేనల్లుడికి

ఒరేయ్ అబ్బాయ్,

భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటుకి నిన్ను మేనేజర్‌గా వేశారని మీ అమ్మ చెప్పింది, సంతోషం. "మామయ్యా, పనిచేసేవాళ్ళు మన దగ్గర హాయిగా ఉండాలంటే ఏం చెయ్యాలి" అని మెసేజ్ పెట్టావు కదా, అది ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నా. పుట్టినరోజు కేకులు, గోడల మీద కొటేషన్లు, 'మనమంతా ఒకే కుటుంబం' అనే బోర్డు, వీటి జోలికి మొదటి ఏడాది పోకు. కుటుంబం అని బోర్డు పెట్టి జీతాలు పదిహేనో తారీకుకి కూడా ఇవ్వని చోట్లు నేను చూశాను.

ముందు తూకం దగ్గర నిలబడు. పీలింగ్ షెడ్‌లో, అంటే రొయ్యలు ఒలిచే చోట, కిలోల లెక్కన కూలి ఇచ్చేటప్పుడు కాటా అంకెలు ఎవరికి కనిపిస్తున్నాయో చూడు. చాలా చోట్ల సూపర్‌వైజర్ వైపు తిరిగి ఉంటాయి, ఒలిచిన మనిషికి కనపడవు. నీళ్ళ తరుగు కింద ఎంత తీసేస్తున్నారో ఎవరూ చెప్పరు, ఆవిడ అడగదు, ఇంటికెళ్ళి మాత్రం రాత్రంతా లెక్క వేసుకుంటుంది. కాటా వాళ్ళ వైపు తిప్పించు, తరుగు ఎంతో ముందే తేల్చి గోడ మీద రాయించు, రోజు చివర చీటీ చేతికివ్వు. దీనికయ్యే ఖర్చు ఏమీ లేదు. వాళ్ళ కష్టం తూకంలో పోవట్లేదని నమ్మకం కుదిరాకే నువ్వు చెప్పే మిగతా మంచి మాటలు వాళ్ళ చెవికెక్కుతాయి, అంతవరకూ నువ్వేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అంటారు, అంతే.

రెండోది నీకు ఎవరూ చెప్పరు, మగాడివి కాబట్టి అసలు చెప్పరు. ఆడవాళ్ళు పనిలో ఉన్నంతసేపూ నీళ్ళు తాగరు. ఎందుకంటే బాత్రూంకి వెళ్ళాలంటే ఏప్రన్, గ్లౌజులు, టోపీ, గంబూట్లు అన్నీ విప్పాలి, మళ్ళీ తొడుక్కుని, చేతులు కడిగి, క్లోరిన్ నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి రావాలి. ఆ కాసేపట్లో ఒలవాల్సిన రొయ్య పోతుంది, పైగా సూపర్‌వైజర్ మొహం చిట్లిస్తాడు. అందుకని దాహాన్ని ఆపుకుంటారు, తర్వాత మూత్రంలో మంటతో డాక్టర్ దగ్గరికి పరిగెడతారు. ప్రతి లైనుకీ ఒక మనిషిని అదనంగా పెట్టు, ఎవరు బయటికెళ్ళినా ఆవిడ వాళ్ళ చోట నిలబడుతుంది, ఒలిచింది వెళ్ళినావిడ పేరునే రాస్తుంది. బాత్రూముల్లో నీళ్ళు, తలుపులకి గడియలు, ప్యాడ్‌లు పారేసే మూత డబ్బా ఉన్నాయో లేదో నువ్వు చూడకు, ఒక ఆడ ఉద్యోగిని పంపు. ఐస్‌లో పెట్టి పెట్టి వేళ్ళు పగులుతాయి, గ్లౌజులు చిరిగితే అడిగిన వెంటనే కొత్తవి దొరకాలి, "మొన్నే కదా ఇచ్చాం" అనే మాట స్టోర్‌లో వినపడకూడదు.

బస్సు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఎప్పుడు పడితే అప్పుడు జరుగుతుంది, లోడు అర్ధరాత్రి వస్తుంది, అది మన చేతిలో లేదు. కానీ షిఫ్టు అయ్యాక ఊరి పొలిమేరలో దింపి వెళ్ళిపోతే, అక్కడి నుంచి చెరువు గట్ల మీద చీకట్లో నడిచేది ఆవిడే. ఇంటి వీధి దాకా వెళ్ళాలని డ్రైవర్‌కి చెప్పు, అందరూ దిగాక నీకో మెసేజ్ పెట్టమను. వానాకాలంలో లంక గ్రామాల వాళ్ళ సంగతి వేరేగా చూసుకో, గోదావరి పొంగితే వాళ్ళు రాలేరు, ఆ రోజుల్ని గైర్హాజరు కింద రాయకు. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, అలాంటప్పుడు సెలవు ముందు రోజే చెప్పెయ్, తెల్లారాక గేటు దగ్గర చెప్పడం కాదు.

సూపర్‌వైజర్ల నోరు గురించి ఒక్కటే చెప్తా. తప్పు జరిగితే పక్కకి పిలిచి చెప్పాలి, అందరి ముందూ అరవకూడదు. ఇది చెబితే సరిపోదు, నువ్వు కూడా సూపర్‌వైజర్‌ని అందరి ముందూ అరవకుండా ఉండాలి. నువ్వు పొద్దున ఆఫీసులో పెట్టిన టెన్షన్ పది నిమిషాల్లో టేబుల్ చివర కూర్చున్న పిల్లదాకా చేరుతుంది. ఒకడు బాగా పని చేయిస్తాడు కానీ నోరు మంచిది కాదు అంటే, వాడిని ఉంచాలా వద్దా అని నువ్వు తేల్చుకునే తీరునే మిగతావాళ్ళంతా చూస్తారు.

పది మంది, ఆపైన పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం. కాగితం మీద అన్ని చోట్లా ఉంటుంది. దానికి అధ్యక్షురాలు ఆడ మనిషే ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళే ఉండాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఆ పేర్లు, ఫోన్ నెంబర్లు నీ గది బయట కాదు, ఆడవాళ్ళ బాత్రూం గోడ మీద అంటించు, తెలుగులోనూ ఒడియాలోనూ. ఒడిశా వాళ్ళు హాస్టల్లో ఉంటారు, వాళ్ళ జీతం కాంట్రాక్టర్ చేతికి కాకుండా నేరుగా వాళ్ళ ఖాతాలో పడేలా చూడు. జూన్‌లో వాళ్ళకి రజ పండగ ఉంటుంది, మన సంక్రాంతికి మనం ఎంత ఆగలేమో వాళ్ళూ అంతే. సంక్రాంతి సెలవుల వంతులు డిసెంబరు మొదట్లోనే గోడకి పెట్టెయ్, లేకపోతే భోగి ముందు రోజు సగం షెడ్ ఖాళీ అయిపోయి నువ్వు తల పట్టుకుంటావు.

ఈఎస్ఐ, పీఎఫ్ కట్టడంతో సరిపోదు. ఈఎస్ఐకి నెలకి 21,000 రూపాయల దాకా జీతమున్న వాళ్ళ దగ్గర 0.75 శాతం పట్టుకుంటాం, మనం 3.25 వేస్తాం, కానీ ఆధార్‌లో పేరు ఒకలా, ఈఎస్ఐ కార్డులో ఒకలా ఉంటే పురుడొచ్చినప్పుడు వాళ్ళు కౌంటర్ల చుట్టూ తిరుగుతారు. నెలకో పూట ఒక కుర్రాడిని కూర్చోబెట్టి ఈ పేర్లు సరిచేయించు. ఓవర్‌టైంకి రెట్టింపు ఇవ్వాలన్నది చట్టం, నీ దయ కాదు. యాభై మంది, ఆపైన ఉంటే పసిపిల్లల గది కూడా చట్టమే, దాన్లో పాత డబ్బాలు పేర్చి ఉంటే వెంటనే ఖాళీ చేయించు.

చెరువులో రొయ్యలు మేత తింటున్నాయో లేదో చెక్‌ట్రే ఎత్తి చూసినట్టు షెడ్‌ని కూడా రోజూ చూడాలి. ఎవరు మానేశారు, ఏ ఊరి బస్సులో మనుషులు తగ్గారు, ఏ సూపర్‌వైజర్ లైనులో ఎక్కువ మంది మానేస్తున్నారు, ఈ మూడూ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఎందుకు మానేశారని అడిగితే "ఇంట్లో పనండి" అంటారు. అది నమ్మకు, వాళ్ళ ఊరమ్మాయి చేత అడిగించు.

చెడ్డ రోజుల సంగతి. 2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఎంత గడబిడైందో నీకు తెలుసు. అలాంటప్పుడు దాచొద్దు. ఈ నెల ఇన్ని రోజులే పని ఉంటుంది, అందరికీ వంతులేసి ఇస్తాం అని షెడ్‌లో నిలబడి నువ్వే చెప్పు. నచ్చినవాళ్ళకి పని, మిగతావాళ్ళకి సెలవు అంటే మళ్ళీ సీజన్లో వాళ్ళు పక్క ప్లాంటు బస్సెక్కుతారు, మన చుట్టుపక్కల ప్లాంట్లకేం కొదవ.

ఓనరు గారి దగ్గర మాత్రం దయ, జాలి అంటూ మొదలెట్టకు. సీజన్ మధ్యలో అలవాటైన మనిషి పోతే కొత్త మనిషి చేతిలో రొయ్య ఎంత విరుగుతుందో, ఎంత సరుకు గ్రేడు పడిపోతుందో రెండు వారాలు రాసి ఆ లెక్క ఆయన ముందు పెట్టు. కాటా సంగతి ఆయన్ని అడగక్కర్లేదు, సోమవారం పొద్దున్నే తిప్పించెయ్. బస్సుకీ, అదనపు మనుషులకీ డబ్బు కావాలి కాబట్టి వాటికి ఆ లెక్కతో వెళ్ళు. ఈలోగా ఏదైనా అడ్డు వస్తే ఫోన్ చెయ్, మధ్యాహ్నం భోజనం అయ్యాక మాత్రం వద్దు, పడుకుంటాను.

మీ మామయ్య