ఉపవాక్యం ముందా, వెనుకా?

ఒంగోలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన ఇంగ్లీషు కథ చదివాను. మైపాడు తీరమూ, వాయుగుండం కబురు విని పడవలను ఒడ్డుకు లాగే జాలర్లూ కళ్లకు కట్టారు. తడబడిందల్లా క్రియావిశేషణ ఉపవాక్యాల దగ్గరే, అంటే ప్రధాన వాక్యంలోని పని ఎప్పుడు, ఎందుకు, ఏ షరతు మీద జరిగిందో చెప్పే చిన్న వాక్యాల దగ్గరే గనుక ఆ ఒక్క సంగతే రాస్తున్నాను.

మన తెలుగులో 'వస్తే' అని షరతు తెలిపే చేదర్థకానికి గాని, 'వచ్చినా' అని 'అయినప్పటికీ' అన్న అర్థమిచ్చే అప్యర్థకానికి గాని కాలం అంటదు; ఆ భారమంతా చివరనుండి వాక్యాన్ని ముగించే సమాపక క్రియదే. ఇంగ్లీషులో 'ఇఫ్', 'వెన్', 'ఆల్దో' వంటివాటి వెంట వచ్చే ఉపవాక్యానికి మామూలుగా తన కర్తా, కాలం తెలిపే తన క్రియా ఉంటాయి. అయితే రేపటి వాన గురించైనా 'ఇఫ్ ఇట్ రెయిన్స్' అనాలే గాని, నీవు రాసినట్టు 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అనరాదు. 'ఆల్దో'తో మొదలైన వాక్యంలో మళ్లీ 'బట్' అక్కర్లేదు. ఇవి బడిలో చెప్పే సంగతులే. వ్యాకరణ పుస్తకం తిరగేస్తే సరిపోతుంది.

రచయితగా నీవు మనసు పెట్టవలసింది ఉపవాక్యపు చోటు మీద. తెలుగులో అది సాధారణంగా ప్రధాన క్రియకు ముందే వస్తుంది. ఇంగ్లీషులో ముందైనా, వెనుకైనా ఉంచవచ్చు. ముందున్నది చాలావరకు నేపథ్యంగా అణగిపోతుంది, చివరనున్నది కొత్త కబురుగా తగులుతుంది. 'బికాజ్ హిజ్ సన్ హాడ్ డ్రౌన్డ్, రామయ్య సోల్డ్ ద బోట్' అని రాశావు. కొడుకు మునిగిపోయాడని పాఠకుడికి తెలిసేది అక్కడే కదా. అంత పెద్ద సంగతిని గుమ్మంలోనే పారేసి, పడవ అమ్మకానికి పీట వేశావు. తెలుగు వరుస నీ చేతిని నడిపించిందని నా అనుమానం. పడవ అమ్మకం ముందు చెప్పి, 'బికాజ్' ముక్కను చివరికి జరిపి ఒకసారి పైకి చదువుకో.

చివర ఉంచినప్పుడు ఒక ప్రమాదమూ ఉంది. 'రామయ్య డిడ్ నాట్ లీవ్ ద విలేజ్ బికాజ్ హి వజ్ అఫ్రెయిడ్' అన్న నీ వాక్యానికి, భయం వల్ల ఊరు వదలలేదన్న అర్థమూ వస్తుంది, వదిలాడు గాని భయంతో కాదన్న అర్థమూ వస్తుంది. మొదటిదే నీ ఉద్దేశమైతే 'బికాజ్' భాగాన్ని ముందుకు తెచ్చి కామా పెట్టు. రెండోదైతే అసలు కారణాన్ని కూడా చెప్పు. రామయ్య ఊళ్లో ఉన్నాడో, వెళ్లాడో తేలకపోతే తరువాతి పేజీలో అతని భార్య ఎవరి కోసం ఎదురుచూస్తోందో అర్థం కాదు. అది సవరించి, మిగతా కథతో పాటు పంపు.