‘నల్ల సంగీతం’ అనవచ్చా?

సందేహం: అమెరికాలో ఆఫ్రికా సంతతి వారు పుట్టించిన ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతాలైన డెట్రాయిట్ టెక్నో, షికాగో హౌస్‌ల మీద వ్యాసం రాస్తున్నాను. ‘బ్లాక్ మ్యూజిక్’ను ‘నల్ల సంగీతం’ అనాలా, ‘నల్లజాతి సంగీతం’ అనాలా? ‘అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్’ అనే బృందం పేరును ‘అజ్ఞాత ప్రతిఘటన’ అని తెలిగించవచ్చా? ‘ఈ పాటల సాహిత్యంలో నల్లజాతీయవాదం ఉంది’ అని రాశాను, సరేనా?

సమాధానం: ‘నల్లజాతి సంగీతం’ అనండి. తెలుగులో ‘నల్ల’ అనే విశేషణం ఎక్కువగా రంగునే చెబుతుంది: నల్లరేగడి, నల్లపూసలు. కాదంటే దొంగతనాన్నో అన్యాయాన్నో చెబుతుంది: నల్లధనం, నల్లబజారు, నల్లచట్టాలు. ‘నల్లదొరలు’ అన్నప్పుడైతే తెల్లదొరలు పోయాక వచ్చిన మనవాళ్లే. ఇన్ని అర్థాల మధ్య ‘నల్ల సంగీతం’ అంటే ఒక జనం చరిత్ర పాఠకుడికి తట్టదు. ఇంగ్లీషులో ఈ తేడాను పెద్దక్షరంతో చూపుతున్నారు. 2020 నుంచి అమెరికా పత్రికలు చాలావరకు ఈ జనాన్ని గురించి రాసేటప్పుడు ‘బ్లాక్’ను పెద్ద ‘బి’తో మొదలుపెడుతున్నాయి. మన లిపిలో పెద్దక్షరాలు లేవు కాబట్టి ఆ బరువును ‘జాతి’ అనే మాటే మోయాలి. ‘నీగ్రో’ పాత రాతల్లో ఉంది. ఉటంకిస్తే తప్ప వాడకండి. హైదరాబాదు హబ్సిగూడ పేరులో నిలిచిన ‘హబ్షీ’ మన గడ్డకు వచ్చి స్థిరపడిన ఆఫ్రికా వారిని చెప్పే మాట. అమెరికా వారికి అది అతకదు.

మీ మూడో ప్రశ్నలోని వాక్యంలో రెండు పొరపాట్లున్నాయి. ‘నల్లజాతీయవాదం’ అంటే జమైకాలో పుట్టిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే వంటివారు చెప్పిన, నల్లజాతికి సొంత వ్యవస్థలు, సొంత రాజ్యాధికారం కావాలనే ప్రత్యేక రాజకీయ సిద్ధాంతం. నల్లజాతి వారి ప్రతి మాటకూ ఆ పేరు పెడితే తప్పు. సందర్భాన్ని బట్టి ‘నల్లజాతి చైతన్యం’, ‘ఆత్మగౌరవం’, ‘జాతివివక్షపై నిరసన’ అని విడదీసి రాయండి.

రెండోది ఇంకా ముఖ్యం. ‘పాట’ అన్నామంటే మనకు గొంతు, సాహిత్యం ఉండాలి. డెట్రాయిట్ టెక్నోలో చాలావాటికి మాటలే లేవు. తాళం వేసే డ్రమ్ మెషీన్, స్వరాలు పుట్టించే సింథసైజరే ఉంటాయి. వాటిని ‘ట్రాక్’ అనండి. ‘పాట రాశారు’ బదులు ‘ట్రాక్ చేశారు’ అనండి. మాటలు లేనప్పుడు సందేశం ఎక్కడుందో కూడా చెప్పాలి: ట్రాక్ పేరులోనా, రికార్డు అట్ట మీది రాతలోనా, శాంపిల్ చేసి (వేరే రికార్డింగ్ నుంచి ముక్క తీసి) కలిపిన ఉపన్యాసంలోనా? జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్‌ల డెట్రాయిట్ టెక్నో బృందం డ్రెక్సియా దీనికి గొప్ప ఉదాహరణ. 1997లో వచ్చిన వారి సంకలనంతో పాటు అచ్చయిన రాతలో ఒక కల్పన ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకుపోతూ ఓడల మీద నుంచి అట్లాంటిక్‌లోకి విసిరేసిన గర్భిణుల బిడ్డలు నీళ్లలోనే ఊపిరి పీల్చి బతికి, సముద్రం అడుగున ఒక జాతి అయ్యారని! ఆ రాత చదివాక ట్రాకులు వింటే ప్రతి కెరటమూ వేరుగా వినిపిస్తుంది. దీన్ని చెప్పేటప్పుడు ‘బానిస స్త్రీలు’ అనకండి, బానిసత్వం వాళ్ల స్వభావం అన్నట్టుంటుంది. ‘బానిసలుగా చేయబడిన’ అనే కర్మణి కూడా వద్దు. ‘బానిసలుగా పట్టుకుపోయిన ఆఫ్రికా స్త్రీలు’ అంటే తెలుగూ నిలుస్తుంది, పట్టుకుపోయినవాడు ఉన్నాడన్న సంగతీ నిలుస్తుంది.

ఇక బృందం పేరు. ‘అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్’ అనే ఉంచండి. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ 1980ల చివర్లో డెట్రాయిట్‌లో మొదలుపెట్టారు. తర్వాత రాబర్ట్ హుడ్ కలిశాడు. ఇక్కడ ‘అండర్‌గ్రౌండ్’ అంటే పెద్ద రికార్డు కంపెనీల చేతికి చిక్కకుండా సొంత లేబుల్ (రికార్డు సంస్థ) మీద నిలబడడం. మన పత్రికాభాషలో ‘అజ్ఞాత’ అనగానే అడవి, దళం గుర్తొస్తాయి. ‘భూగర్భ’ అంటే జలాలు, డ్రైనేజీ. ‘ప్రతిఘటన’ మాత్రం సరైన మాటే. కాబట్టి మొదటిసారి పేరు రాసినచోట ‘పెద్ద కంపెనీల వెలుపల నిలిచి ప్రతిఘటించడం’ అని ఒక్కసారి వివరించి ముందుకు వెళ్లండి.

డెట్రాయిట్ గురించి రాస్తే 1967 జులై వస్తుంది. లైసెన్సు లేని బారుపై పోలీసుల దాడితో రగిలి 43 మంది చనిపోయిన ఆ రోజులను ‘అల్లర్లు’ అనడం ఒక పక్షం మాట. ఆ నగరపు నల్లజాతి వారిలో చాలామంది ‘తిరుగుబాటు’ అంటారు. మీరు ఏది వాడినా, రెండో మాట కూడా ఉందని ఒక వాక్యంలో చెప్పండి.

షికాగో హౌస్‌లో మాటలున్నవీ ఉన్నాయి, వాటిని ‘పాట’ అనవచ్చు. 1987 నాటి జో స్మూత్ పాట ‘ప్రామిస్డ్ ల్యాండ్’ పేరును ‘హామీ ఇచ్చిన నేల’ అని తెలిగిస్తే అది ఎన్నికల మాటలా ఉంటుంది. ఆ పేరు బైబిల్ నిర్గమకాండ కథ నుంచి నల్లజాతి చర్చిల మీదుగా వచ్చింది. మన క్రైస్తవులు తరతరాలుగా వాడుతున్న ‘వాగ్దత్త దేశం’, ‘వాగ్దాన దేశం’ ఉన్నాయి, వాటిలో ఒకటి తీసుకోండి. ‘వాగ్దత్త’ను మాత్రం ఒంటరిగా వదలకండి, పెళ్లికి మాటిచ్చిన పిల్ల అని అర్థం వస్తుంది.