కొత్త ప్యాడ్లు వేసినా బండి ఎడమకే లాగుతోంది

ప్రశ్న: మాది రాజోలు దగ్గరండి. పాత పికప్‌లో కొబ్బరికాయలు, సీజన్‌లో రొయ్యల ట్రేలు వేస్తుంటాం. ముందు ప్యాడ్లు మార్పించి ఎన్నో రోజులు కాలేదు, కుడి చక్రం లోపలి ప్యాడ్ అప్పుడే ఇనుము దాకా అరిగిపోయింది, బయటిదేమో కొత్తదానిలాగే ఉంది. బ్రేక్ తొక్కితే బండి ఎడమకి పోతోంది. ఈసారి నేనే వేసుకుందామనుకుంటున్నా, ఎలాగండి?

జవాబు: మీ ప్యాడ్ల తప్పు కాదండి, ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జరగట్లేదు. పిస్టన్ ఉండేది లోపలి వైపే, అది లోపలి ప్యాడ్‌ని నొక్కాక క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కోవాలి. ఆ పిన్నులు జామైతే పనంతా లోపలి ప్యాడే చేస్తుంది, కుడి చక్రం సరిగ్గా పట్టదు, బండి ఎడమకి పోతుంది. ఉప్పుగాలికి తోడు రొయ్యల ట్రేల నీళ్ళు కారే బండికి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

గట్టి నేల మీదే జాకీ పెట్టండి, కాలవగట్టు మీద వద్దు, వెనక చక్రాలకి అడ్డు వేసి కింద స్టాండు కూడా పెట్టాలి. రెండు వైపులా కొత్త ప్యాడ్లే వెయ్యాలి, కానీ ఒక వైపు పూర్తయ్యాకే రెండోది విప్పండి, ఏది ఎలా ఉండాలో చూసుకోవచ్చు. విప్పిన క్యాలిపర్‌ని హోస్ పైపుకి వేలాడదీయకుండా తీగతో కట్టండి. దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి.

ఇక అసలు పని. పిన్నులు లాగి పాత గ్రీజంతా తుడిచి, ఏ పిన్ను ఏ రంధ్రంలోదో గుర్తుపెట్టుకుని, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు రాయండి, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్ళీ పట్టేస్తుంది. రబ్బరు బూటు చిరిగితే కొత్తది వెయ్యండి. ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీల్ క్లిప్పులు తీసి కింద తుప్పుని వైర్ బ్రష్‌తో గీకండి, చాలామంది మెకానిక్‌లు ఇది వదిలేసి ప్యాడ్‌ని సుత్తితో కొట్టి దూరుస్తారు, నాకు బాధనిపించేది అక్కడే. ప్యాడ్ చేత్తో నెడితే జరగాలండి. డిస్కు మీద కనీస మందం అచ్చువేసి ఉంటుంది, అంతకన్నా అరిగితే డిస్కు మార్చాల్సిందే.

పిస్టన్‌ని సి క్లాంప్‌తో మెల్లగా వెనక్కి నెట్టండి, పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుంది, ముందే కొంచెం తీసెయ్యండి, పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది. ఎంత నెట్టినా రాకపోతే బ్లీడ్ నిపుల్, అంటే క్యాలిపర్ మీద గాలి తీసే చిన్న స్క్రూ, కాస్త వదులు చేసి చూడండి, అప్పుడు లోపలికి వెళ్తే హోస్ పైపు లోపల మూసుకున్నట్టు, అప్పుడూ వెళ్ళకపోతే పిస్టనే తుప్పు పట్టినట్టు. ఏదైనా సరే మెకానిక్ చేత మార్పించి బ్రేక్ పైపుల్లో గాలి తీయించాలి.

అంతా బిగించాక ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి, మొదటి తొక్కులకి అది నేల దాకా పోతుంది, అలా రోడ్డెక్కితే ప్రమాదమండి. ఆయిల్ మట్టం చూసుకుని, ఖాళీ బండితో 50 కిలోమీటర్ల వేగం నుంచి 10 దాకా మెల్లగా బ్రేక్ వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ కొన్నిసార్లు తోలండి. అప్పటిదాకా లోడుతో చించినాడ వంతెన ఎక్కొద్దండి.