క్లాసులో నోరు విప్పు, ఫోన్‌లో కాస్త ఆగు

బుజ్జమ్మా,

వీసా స్టాంపింగ్ అయిపోయిందని నాన్న ఫోన్ చేశాడు, చాలా సంతోషం. కుక్కర్ తెచ్చుకోవాలా వద్దా, గోంగూర పచ్చడి కారకుండా ఎలా ప్యాక్ చెయ్యాలి లాంటివి చెప్పడానికి నీకు బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి నేను పోను. మొన్న నువ్వు అడిగావు చూడు, "పెదనాన్నా, అమెరికా కాలేజీల్లో ఏం మాట్లాడినా గొడవేనట, నోరు మూసుకుని చదువుకోమంటున్నారు అందరూ" అని, దాని గురించే ఈ ఉత్తరం. ఇక్కడ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతూనే తల నెరిసింది నాకు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఆ నోరు మూసుకోమనే సలహాలో సగం పనికొస్తుంది, సగం నీ మార్కులు పోగొడుతుంది. ముందు పోగొట్టే సగం సంగతి చూద్దాం.

నువ్వు ఇంటర్ చదివిన కాలేజీలో, పొద్దున్నే స్టడీ అవర్‌తో మొదలై రాత్రి మళ్ళీ స్టడీ అవర్‌తోనే ముగిసే ఆ చోట, లెక్చరర్ చెప్పింది నాకు సరిగ్గా అనిపించట్లేదు సార్ అని చెయ్యెత్తిన పిల్ల ఎవరైనా ఉందా? ఉంటే సాయంత్రానికల్లా వాళ్ళ ఇంటికి ఫోన్ వెళ్ళేది. ఇక్కడ మొదటి రోజే సిలబస్ అని కొన్ని పేజీలు ఇస్తారు. మన సిలబస్ లాగా చాప్టర్ల పట్టీ ఒక్కటే కాదు, ఏ రోజుకి ఏది చదివి రావాలి, దేనికి ఎన్ని మార్కులు అన్నీ అందులోనే ఉంటాయి, చర్చ మీద నడిచే చాలా క్లాసుల్లో పార్టిసిపేషన్‌కి కూడా మార్కులు వేస్తారు. మన పిల్లల్ని ఎంతమందిని చూశానో! మిడ్‌టర్మ్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు, చర్చ మొదలయ్యేసరికి మాత్రం తల వంచుకుని ల్యాప్‌టాప్‌లోకి చూడటం. పక్కనే ఒక కుర్రాడు ఇచ్చిన చాప్టర్‌లో సగం కూడా చదవకుండా వచ్చి, ధీమాగా నాలుగు మాటలు మాట్లాడి ఆ మార్కులు పట్టుకుపోతాడు. నాకు ఒళ్ళు మండేది.

ఎలా మొదలుపెట్టాలంటే, చదివేటప్పుడే నీకు నచ్చని వాక్యం ఒకటి పట్టుకో, పేజీ నంబరు వేసుకో, ఎందుకు నచ్చలేదో పక్కన ఒక్క ముక్క రాసుకో. క్లాసు మొదలైన పది నిమిషాల్లోపే అది అడిగెయ్. ఆలస్యమైన కొద్దీ గుండె దడ పెరుగుతుంది, ఆ లోపు నీ పాయింటు ఇంకెవరో చెప్పేస్తారు. "పేజీ 43లో రచయిత ఇలా అన్నాడు, దీనికి ఆధారం నాకు కనిపించలేదు" అంటే చాలు, ఇంగ్లీషు ఎంత తడబడినా ఎవరూ పట్టించుకోరు. ఇంకొకరితో విభేదించాల్సి వచ్చినప్పుడు ముందు వాళ్ళ వాదన నువ్వు చెప్పు, "నువ్వన్నది ఇదే కదా" అని, వాళ్ళు తలూపాక నీది మొదలుపెట్టు. దీనివల్ల సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి. అలాగే ఆఫీస్ అవర్స్ అని ప్రొఫెసర్ తన గదిలో తలుపు తీసుకుని కూర్చునే టైం ఉంటుంది, ఆయన్ని కాదన్నావని మనసులో పెట్టుకుంటాడేమోనన్న భయం ఉంటే మర్నాడు అక్కడికి వెళ్ళి మాట్లాడు. ఎక్కువమంది ప్రొఫెసర్లు ఆ గదిలో ఒంటరిగా ఈగలు తోలుకుంటూ ఉంటారు, నువ్వు వెళ్తే సంబరపడతారు.

ఆ రెండో సగానికి వచ్చేముందు ఇంకో సంగతి. కాలేజీ గవర్నమెంటుదా, ప్రైవేటుదా అన్నది మొదట తెలుసుకో. మీ నాన్న ఫీజు కోసం అడిగాడు, నేను నీ మాట కోసం చెబుతున్నాను.

సెప్టెంబర్‌లో ఎండ బాగున్న రోజు లైబ్రరీ ముందు పచ్చిక మీద ఒక పెద్దాయన నిలువెత్తు బోర్డు పట్టుకుని నిలబడి కనిపించవచ్చు. దాని మీద నరకానికి పోయేవాళ్ళ లిస్టు ఉంటుంది, తాగేవాళ్ళు, గేలు, ముస్లింలు, హిందువులు, ఒక్కోసారి ఫెమినిస్టులు కూడా. దారిన పోయే పిల్లల్ని వేలెత్తి చూపి తిడుతుంటాడు. చుట్టూ గుంపు, కొందరు బైబిల్ వాక్యాలతోనే ఆయనతో వాదిస్తారు, ఎవడో గిటార్ వాయిస్తాడు, క్యాంపస్ పోలీసు కాస్త దూరంగా చేతులు కట్టుకుని చూస్తుంటాడు. నువ్వు వెళ్ళి "ఆయన నా మతాన్ని తిడుతున్నాడు, ఆపండి" అంటే ఆ పోలీసు ఏమీ చెయ్యలేడు. ఎందుకంటే స్టేట్ యూనివర్సిటీ అంటే ప్రభుత్వమే, మాట స్వేచ్ఛని కాపాడే ఇక్కడి రాజ్యాంగ సవరణ ఫస్ట్ అమెండ్‌మెంట్ కట్టడి చేసేది ప్రభుత్వాన్నే. మన దగ్గర మతాల మధ్య ద్వేషం రేపే మాటలకి పాత శిక్షాస్మృతిలో సెక్షన్ 153ఏ, ఇప్పటి న్యాయ సంహితలో సెక్షన్ 196 ఉన్నట్టు, ఇక్కడ హేట్ స్పీచ్ అని విడిగా నేరం లేదు. బెదిరించడం, ఒకరినే పట్టుకుని వేధించడం, అప్పటికప్పుడు దాడికి ఉసిగొల్పడం, ఇవి వేరు, వీటికి రక్షణ ఉండదు. వినడానికి కష్టంగా ఉన్న మాటకి మాత్రం ఉంటుంది.

అదే పెద్దాయన రోడ్డు దాటి ప్రైవేటు కాలేజీ గేటు లోపలికి వెళ్తే సెక్యూరిటీ వాళ్ళు మర్యాదగా బయటికి పంపించేస్తారు, అది వాళ్ళ స్థలం. అక్కడ విద్యార్థుల మాటకి హద్దు ఎంతన్నది కాలేజీ తన హ్యాండ్‌బుక్‌లో ఏం రాసుకుందో దాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో మాత్రం 1992 నుంచి మతసంస్థలు నడిపేవి కాని ప్రైవేటు కాలేజీలకి కూడా ఇదే రక్షణ వర్తించేలా చట్టం ఉంది. నువ్వు వెళ్తున్నది స్టేట్ యూనివర్సిటీ. అందుకని ఆ బోర్డు చూసి ఏడవకు, వాదించాలనిపిస్తే వాదించు, లేదంటే పక్క దారిలో క్లాసుకి వెళ్ళిపో.

ఈ గొడవ కొత్తదేమీ కాదు. 1964 అక్టోబర్ 1న కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో పౌరహక్కుల సంఘం తరఫున టేబుల్ వేసుకుని కూర్చున్న ఒక కుర్రాణ్ణి అరెస్టు చేసి పోలీసు కారు ఎక్కిస్తే, విద్యార్థులు ఆ కారు చుట్టూ కూర్చుని 32 గంటలు కదలనివ్వలేదు. మారియో సావియో అనే విద్యార్థి ఆ కారు పైకెక్కి మాట్లాడాడు, కారు పాడవకుండా ముందు బూట్లు విప్పి మరీ. అప్పుడు మాట్లాడనివ్వండి అన్నది ఎడమపక్షం వాళ్ళు. 2017 ఫిబ్రవరిలో అదే క్యాంపస్‌లో మైలో యియానోపౌలోస్ అనే కుడిపక్ష వక్త మీటింగు, అద్దాలు పగిలి మంటలు లేచాక రద్దయింది. అప్పుడు స్వేచ్ఛ కోసం గొంతు చించుకున్నది కుడిపక్షం. 2023 డిసెంబర్‌లో హార్వర్డ్, పెన్సిల్వేనియా, ఎంఐటీ యూనివర్సిటీల అధ్యక్షురాళ్ళని ఇక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ముందు నిలబెట్టి, క్యాంపస్‌లో యూదుల్ని ఊచకోత కొయ్యాలని ఎవరైనా పిలుపిస్తే మీ రూల్స్ ఒప్పుకుంటాయా అని నిలదీశారు, సందర్భాన్ని బట్టి ఉంటుందన్న జవాబుకి నెల తిరక్కుండానే ముగ్గురిలో ఇద్దరి పదవులు పోయాయి. హార్వర్డ్ ఆవిడ మీద పరిశోధనలో కాపీ ఆరోపణలు కూడా వచ్చిపడ్డాయనుకో. నిన్నటిదాకా స్వేచ్ఛ స్వేచ్ఛ అన్నవాళ్ళలో చాలామంది ఆ రోజు శిక్ష అడిగారు, అటువైపు వాళ్ళకి అప్పుడే స్వేచ్ఛ గుర్తొచ్చింది. నాకు ఇద్దరి మీదా పెద్ద గౌరవం లేదు. ఎవరైనా నిన్ను సంతకం పెట్టమని కాగితం తెస్తే అందులో రెండు పక్షాల పేర్లూ తారుమారు చేసి చదువు, అప్పుడూ సరే అనిపిస్తేనే పెట్టు.

అన్ని జాతుల పిల్లలకీ కాలేజీల్లో చోటుండాలనే ఈ డైవర్సిటీ గొడవ మనది కాదు అనుకుంటావేమో, నిక్షేపంగా మనదే. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పిచ్చింది, ఆ కేసు హార్వర్డ్ మీద వేసినవాళ్ళు ముందు పెట్టింది ఆసియన్ పిల్లలకి అన్యాయం జరుగుతోందన్న వాదననే. ఆ వారం ఇక్కడ మనవాళ్ళ పార్టీల్లో ఇదే కబురు, "మావాడికి ఇక ఐవీ లీగ్ ఖాయం" అని. మన రిజర్వేషన్ల మీద ఉన్న కోపమంతా తెచ్చి ఇక్కడ గుమ్మరిస్తారు, రెండూ ఒకటి కాదని చెబితే వినరు. ఇక్కడ జాతికి ఇన్ని అని సీట్లు కేటాయించడం 1978లో అలన్ బాకీ అనే అతను వేసిన కేసుతోనే పోయింది, ఆ తర్వాత జరిగిందల్లా మిగతా విషయాలతో పాటు దాన్నీ ఒకటిగా చూడటమే. తీర్పు తర్వాత ఎంఐటీలో చేరిన మొదటి బ్యాచ్‌లో ఆసియన్లు 40 నుంచి 47 శాతానికి పెరిగారు, నల్లజాతి పిల్లలు 13 నుంచి 5కి పడిపోయారు. ఇది న్యాయమా కాదా అన్నది నువ్వే ఆలోచించుకో, కానీ నీ క్లాసులో నీ పక్కన కూర్చునే నల్లపిల్లకి ఆ అంకెలు బాగా గుర్తుంటాయి, అది తెలిసి మాట్లాడు.

ఇంకొకటి కూడా ఉంది, ఇంట్లో ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నా. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలు 2022 జనవరిలో వివక్ష చూపకూడని వాటి జాబితాలో కులాన్ని చేర్చాయి. కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ అలాంటి చట్టం చెయ్యబోతే 2023 అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టలేదు. మనవాళ్ళలో ఇది అవమానమని కొట్లాడినవాళ్ళున్నారు, కావాలని కొట్లాడినవాళ్ళూ ఉన్నారు. రూమ్మేట్ల కోసం వెతికేటప్పుడు సీనియర్ ఎవరైనా "ఇంటిపేరేంటి, మీదే ఊరు, ఊళ్ళో ఏ వైపు" అని కూపీ లాగితే ఎందుకో నీకు తెలుసు. జవాబు చెప్పక్కర్లేదు, నువ్వు మాత్రం ఆ ప్రశ్న ఎవరినీ వెయ్యొద్దు. అలాగే క్లాసులో ఇండియా పేరు రాగానే తలలన్నీ నీవైపు తిరుగుతాయి. "నాకు తెలిసింది కృష్ణా జిల్లా, దేశం మొత్తం తరఫున చెప్పలేను" అని నవ్వుతూ చెప్పు.

ఇప్పుడు ఆ పనికొచ్చే సగం. 2025 మార్చిలో టఫ్ట్స్ యూనివర్సిటీలో చదువుకునే ఒక విదేశీ పరిశోధక విద్యార్థినిని ముసుగులు వేసుకున్న అధికారులు వీధిలో పట్టుకెళ్ళారు. అంతకు ఏడాది ముందు ఆమె మరికొందరితో కలిసి కాలేజీ పేపర్లో ఇజ్రాయెల్ విషయంలో యూనివర్సిటీ తీరుని విమర్శిస్తూ వ్యాసం రాసింది. వీసా రద్దు చేసి లూసియానాలో నిర్బంధంలో పెట్టారు, జడ్జి చెప్పాక విడుదలయ్యేసరికి ఆరు వారాలు దాటింది. ఈ దేశంలో ఉండే విదేశీయులకీ మాట్లాడే హక్కు ఉందని 1945లోనే సుప్రీంకోర్టు అంది. హక్కు ఉంది, కానీ అది కోర్టులో తేలేదాకా ఎక్కడ కూర్చోవాలన్నది వేరే సంగతి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమంటున్నారు, నీకూ తెలుసు కదా, నువ్వూ పెట్టావు. ఊరేగింపుకి వెళ్ళొద్దని నేను అనను, అది నీ ఇష్టం. వెళ్తే మాత్రం పర్మిషన్ ఉందా, ఏ టైం దాకా, ఎక్కడి దాకా అని కనుక్కుని వెళ్ళు. టెంట్లు వేసుకుని రాత్రి కూడా కదలకపోతే 2024 ఏప్రిల్‌లో కొలంబియా యూనివర్సిటీలో జరిగినట్టే అరెస్టులు జరుగుతాయి, అరెస్టంటే నీ అమెరికన్ ఫ్రెండ్‌కి పోయేది ఒక రాత్రి, నీకు వీసాయే పోవచ్చు. కోపంలో ఉన్నప్పుడు ఫార్వర్డ్ చెయ్యొద్దు, సగం చదివిన దానికి లైక్ కొట్టొద్దు. ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు నంబరు ఫోన్‌లోనే కాదు, కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకో.

చివరగా, మీ నాన్న ఇప్పటికే అడిగి ఉంటాడు, కంప్యూటర్ సైన్స్‌కి వెళ్తే మళ్ళీ ఈ హిస్టరీ, ఫిలాసఫీ క్లాసులు డబ్బులు పోసి ఎందుకు అని. ఆయన ఒక్కడే కాదు, ఈ దేశం కూడా అదే అడుగుతోంది. 2023లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 28 మేజర్లు, అంటే డిగ్రీ కోర్సులు, ఎత్తేసింది, విదేశీ భాషలు చాలావరకు అందులోనే పోయాయి. చిత్రమేమిటంటే 1862లో లింకన్ సంతకం పెట్టిన మోరిల్ చట్టం వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలకి భూములిస్తూ మిగతా శాస్త్రాల్నీ ప్రాచీన సాహిత్యాన్నీ వదలకూడదని అందులోనే రాసింది. రైతు కొడుక్కీ కూలీ కొడుక్కీ అవీ కావాలని ఆ రోజే అనుకున్నారు. నాన్నతో నేను మాట్లాడతాలే.

నువ్వు చెయ్యాల్సింది రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే జనరల్ ఎడ్యుకేషన్ లిస్టు, అంటే మేజర్ ఏదైనా అందరూ తీసుకోవాల్సిన క్లాసుల పట్టీ, తీసి చూడటం. సీనియర్లు "ఈజీ ఏ" అని, అంటే సులువుగా ఏ గ్రేడ్ వచ్చేస్తుందని, చెప్పే క్లాసు వదిలెయ్. పాతిక మంది లోపు ఉండేది, పవర్‌పాయింట్‌తో కాకుండా అసలు పుస్తకాలతో నడిచేది, ప్రతి రెండు వారాలకీ ఏదో ఒకటి రాయించేది వెతుక్కో. అలాంటివి త్వరగా నిండిపోతాయి, వెయిట్‌లిస్ట్‌లో ఉంటే ప్రొఫెసర్‌కి రెండు లైన్ల మెయిల్ పెట్టు, మొదటి రోజు క్లాసుకి వెళ్ళి కూర్చో, సాధారణంగా ఎవరో ఒకరు మానేస్తారు. రెండు మూడు క్లాసుల మధ్య తేల్చుకోలేకపోతే వాటి సిలబస్‌లు నాకు వాట్సాప్‌లో పంపు. మా టైం చూసుకుని కాల్ చెయ్యి, పెద్దమ్మ తొమ్మిదింటికే పడుకుంటుంది.

ఉంటాను,
పెదనాన్న