తెలుగులో రాస్తే ఆఫీసులో ఎవరు చదువుతారులే అనుకోకండి

ఈసారి సెలవులకి హైదరాబాద్ వచ్చాక కూకట్‌పల్లి వెళ్లినా మణికొండ వెళ్లినా ఎవరో ఒకరు అమెరికాలో ఉద్యోగానికి హెచ్-1బీ వీసా వచ్చిందని స్వీటు చేతిలో పెట్టి, వెంటనే సందేహాలు మొదలుపెడుతున్నారు. కుక్కర్ తీసుకెళ్లాలా, పచ్చళ్లు ఆపుతారా లాంటివి సరే, ఇద్దరు ముగ్గురు మాత్రం ఇంకోటి అడిగారు. "అన్నా, నాకో తెలుగు బ్లాగుంది, ఆఫీసు టైములో రాయను, అక్కడికి వెళ్లాక కూడా రాసుకోవచ్చా?"

రాసుకోండి. కానీ అమెరికాలో వాక్‌స్వాతంత్ర్యం ఉంది కదా అనే ధైర్యంతో రాయొద్దు. వాళ్ల రాజ్యాంగంలోని మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కట్టేస్తుంది తప్ప ప్రైవేటు కంపెనీ చేతులు కట్టదు. మాంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిటిలోనూ మామూలు పద్ధతి ఏమిటంటే, వివక్ష లాంటి నిషిద్ధ కారణం కానంతవరకు ఏ కారణం చెప్పకుండానైనా ఉద్యోగం తీసేయొచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, కొలరాడో లాంటి చోట్ల ఆఫీసు బయట చేసే పనులకి కొంత రక్షణ ఇచ్చే చట్టాలున్నాయి, వాటికి బోలెడు మినహాయింపులూ ఉన్నాయి. కాబట్టి చేరబోయే రాష్ట్రం ఏదో చూసుకోండి.

2003లో మైక్రోసాఫ్ట్ ఆవరణలో పనిచేసే ఒక కాంట్రాక్టు ఉద్యోగి, అక్కడ లారీలోంచి యాపిల్ కంప్యూటర్లు దించుతుంటే సరదాగా ఫొటో తీసి సొంత బ్లాగులో పెట్టాడు. ఎవరినీ తిట్టలేదు. కానీ తను ఏ భవనం దగ్గర పనిచేస్తాడో తెలిసేలా ఒక ముక్క రాశాడు, అది భద్రతకి భంగం అని చెప్పి ఇక ఆవరణలోకి రావద్దన్నారు. మరుసటి ఏడాది డెల్టా ఎయిర్‌లైన్స్‌లో ఒక ఫ్లైట్ అటెండెంటు, యూనిఫాంలో దిగిన ఫొటోలు బ్లాగులో పెట్టినందుకు ఉద్యోగం పోగొట్టుకుంది. మొదటి ఆయన కథ మనవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే కన్సల్టెన్సీ ద్వారా, అంటే జీతం ఒక కంపెనీ ఇస్తే పని ఇంకో కంపెనీలో (క్లయింట్ దగ్గర) చేసేలా వెళ్లేవాళ్లందరి పరిస్థితీ అదే. క్లయింట్ మిమ్మల్ని 'తీసేయడు', 'ఇతను వద్దు' అని మీ కంపెనీకి ఒక ముక్క చెబుతాడు, అంతే, వాదించుకోడానికి మీకు అక్కడ ఎదురుగా ఎవరూ ఉండరు.

ఇక తెలుగు సంగతి. మన భాషలో మన ఏడుపు మనం ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది అంటారు. అయ్యా, మీ టీములో సగం మంది అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినవాళ్లే ఉంటారు, మీ లీడ్‌ది దిల్‌సుఖ్‌నగర్ అయి ఉంటుంది, వాళ్ల వదినగారి వాట్సాప్ గ్రూపులో మీ పోస్టు ఫార్వర్డ్ అవుతుంది. తెలుగు రానివాళ్లకి కూడా ఒక్క నొక్కు నొక్కితే అనువాదం వచ్చేస్తుంది. నాకు తెలిసిన ఒకాయన మారుపేరుతో, కంపెనీ పేరు లేకుండా, ఒక బ్యాంకులో శుక్రవారం రాత్రి చేసిన సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఎలా తగలబడిందో భలే హాస్యంగా రాశాడు. చదివినవాళ్లలో ఆ రాత్రి అదే కాల్‌లో ఉన్న ఇంకో వెండర్ కంపెనీ మనిషి ఉన్నాడు. ఆ తర్వాత ఏమైందో ఊహించుకోండి. మారుపేరు పెట్టుకుంటే మీరు కనబడరు గానీ ఊరు, ప్రాజెక్టు, తేదీ మూడూ కలిస్తే మీ ఆధార్ కార్డు అక్కడ పెట్టినట్టే.

అక్కడి పౌరుడికి ఉద్యోగం పోతే జీతం పోతుంది. మీకు స్టేటస్, అంటే అక్కడ ఉండే అనుమతి కూడా కదిలిపోతుంది. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఉద్యోగం పోయాక అక్కడ ఉండనిచ్చేది గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు, ఏది ముందైతే అది. ఆ లోపు ఇంకో కంపెనీ మీ వీసా కోసం పెటిషన్ (దరఖాస్తు) వేయాలి, లేదా వేరే స్టేటస్‌కి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా సర్దుకోవాలి. అపార్ట్‌మెంట్ లీజు, కారు లోను, పిల్లల బడి వీటన్నిటి టెన్షన్ ఆ 60 రోజుల్లోనే.

అందుకని అన్యాయం జరిగినా నోరు మూసుకోమనడం లేదు. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద (పని లేకుండా ఖాళీగా) పెట్టి జీతం ఆపేశారనుకోండి, బ్లాగులో కడుపుమంట వెళ్లగక్కితే లైకులు వస్తాయి, డబ్బు రాదు. కంపెనీ పని చూపించలేకపోయినా హెచ్-1బీ మనిషికి జీతం ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే అమెరికా కార్మిక శాఖకి డబ్ల్యూహెచ్-4 అనే ఫారంలో ఫిర్యాదు చేయొచ్చు, 12 నెలల్లోపు. అలా ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం చట్టవిరుద్ధం. జీతాల గురించి తోటి ఉద్యోగులతో కలిసి మాట్లాడుకునే హక్కు కూడా 1935 నాటి కార్మిక చట్టం ఇస్తుంది, మేనేజరు స్థాయి వాళ్లకి వర్తించదు. ఒక్కరే కూర్చుని బాసుని తిట్టుకోవడం మాత్రం ఆ కిందకి రాదు.

అసలు ఎక్కువమంది ఇరుక్కునేది రాసిన మాట వల్ల కాదు, ప్రకటనల డబ్బు వల్ల. హెచ్-1బీ మీద పెటిషన్ వేసిన కంపెనీకే పనిచేయాలి. బ్లాగు మీద గూగుల్ ప్రకటనలు పెట్టి, స్పాన్సర్లు చూసుకుని, నెలనెలా సంపాదిస్తే అది అనుమతి లేని పని అనిపించుకునే ప్రమాదం ఉంది. అకౌంటు ఊళ్లో తమ్ముడి పేరున పెట్టా అంటే చెల్లదు, పనిచేసేది మీరు, చేసేది అమెరికాలో కూర్చుని. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీదున్న భార్య పేరున పెడదామంటే ఆవిడకీ వర్క్ పర్మిట్ ఉండాలి. ఫ్లైట్ ఎక్కే ముందే ప్రకటనలు ఆపేయండి, తర్వాత లాయర్ని అడిగి చూసుకోండి. కంపెనీ లాయర్ కాదు, మీ డబ్బుతో మీరు పెట్టుకున్న లాయర్.

స్టాంపింగ్ (పాస్‌పోర్టు మీద వీసా వేయించుకోవడం) విషయానికొస్తే, డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో గత అయిదేళ్ల సోషల్ మీడియా వివరాలు అడగడం 2019లోనే మొదలైంది. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వాళ్ల ఆన్‌లైన్ ఖాతాలు కూడా పరిశీలిస్తున్నారు, వాటిని పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ అపాయింట్‌మెంట్ ముందు రాత్రి కంగారుగా అన్నీ డిలీట్ చేసేవాళ్లున్నారు, అది ఇంకా అనుమానం తెప్పిస్తుంది. ముందే కూర్చుని మీ రాతలు మీ కాగితాలతో సరిపోతున్నాయా చూసుకోండి. పెటిషన్‌లో ఆఫీసు డాలస్ అని ఉండి, మీ బ్లాగులో ఏడాదంతా అట్లాంటా మంచు, అట్లాంటా ట్రాఫిక్ ఉంటే అడిగేవాడు అడుగుతాడు.

చేరే రోజు సంతకం పెట్టే ఒప్పందంలో, ఇంతకుముందు సొంతంగా చేసుకున్నవేమైనా ఉంటే రాయమని ఒక జాబితా ఉంటుంది. అందరూ 'ఏమీ లేవు' అని కొట్టేస్తారు. బ్లాగు పేరు, రాసిన పుస్తకం, చిన్న యాప్ ఏదున్నా అక్కడ రాయండి.

మేనేజరుకి చెప్పాలా అంటారా? కథలు, వంటలు అయితే అక్కర్లేదు. మీ పనికి దగ్గరగా ఉండే టెక్నికల్ రాతలైతే హెచ్ఆర్‌కి ముందే ఈమెయిల్ పెట్టి, వచ్చిన జవాబు కాపీ ఇంట్లో ఉంచుకోండి. రాసేది మాత్రం సొంత ల్యాప్‌టాప్‌లోనే, కంపెనీది ఇంటికి తెచ్చుకున్నా సరే, దాంట్లో వద్దు.