తెలుగు శీర్షికలో ఒత్తులు గుడులకు తగులుతున్నాయా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బడి పత్రికకు వెబ్‌సైట్ చేస్తున్నాను. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఉండాలి. వెబ్ పేజీల రూపు దిద్దే టెయిల్‌విండ్ ఫ్రేమ్‌వర్క్ వాడుతున్నాను, అందులో అక్షరాల కొలతలు తానే పెట్టే టైపోగ్రఫీ ప్లగిన్ పెట్టాను. ఇంగ్లీషు ముచ్చటగా వచ్చింది. తెలుగు శీర్షిక రెండు వరసలైతే మాత్రం పై వరస ఒత్తులు కింది గుడులకు తగులుతున్నాయి. అక్షరాలు సిరా పారినట్టున్నాయి. ఫాంటు పేరు ‘మండలి’. ఫ్రేమ్‌వర్క్ మార్చేయాలా?

జవాబు: మార్చకండి. అందులో కొలతలు ఇంగ్లీషు అక్షరాలను చూసి పెట్టినవి, అంతే. పెద్ద శీర్షిక అక్షరం 36 పిక్సెళ్లు, వరస ఎత్తు 40. ‘స్త్రీ’ అని రాసి చూడండి. పైన గుడి దీర్ఘం, కింద రెండు ఒత్తులు. నాలుగు పిక్సెళ్ల సందులో అవి ఎక్కడ ఇముడుతాయి? తెలుగు శీర్షికలకు లైన్ హైట్ (వరస ఎత్తు) కనీసం 1.5 ఇవ్వండి, అంటే అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు. మామూలు పాఠానికి 1.75 ఉంది. అది చక్కగా సరిపోతుంది, కదపొద్దు.

ఇక సిరా సంగతి. ప్లగిన్ పెద్ద శీర్షికకు 800 మందం, అంటే బాగా లావు బోల్డు, అడుగుతుంది. మండలిలో ఉన్నది ఒక్క 400, అంటే మామూలు మందం మాత్రమే. లేని బోల్డును బ్రౌజరే అక్షరాల అంచులు పూసి తయారుచేస్తుంది. దాంతో ఒత్తుల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. శీర్షిక మందం 400కి దించండి. బోల్డే కావాలంటే నోటో శాన్స్ తెలుగు తీసుకోండి, అందులో 100 నుంచి 900 దాకా ఉన్నాయి. ఉల్లేఖనలను కూడా ఈ ప్లగిన్ ఇటాలిక్ చేస్తుంది. పక్కకు ఒరిగిన తెలుగు చదవడం కంటికి శ్రమ. ఫాంట్ స్టైల్ నార్మల్ చేయండి.

ఈ మార్పులు ఇంగ్లీషుకు తగలకూడదంటే ఒక పని తప్పక చేయాలి. ప్రతి భాగానికీ అది ఏ భాషో చెప్పే లాంగ్ (lang) గుర్తు పెట్టండి: తెలుగుకు టి-ఇ, ఒడియాకు ఓ-ఆర్. తర్వాత పేజీ రూపును నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఆ భాషకే రూల్ రాయొచ్చు. చూపులేని వాళ్లు వాడే స్క్రీన్ రీడర్ కూడా ఆ గుర్తును బట్టే గొంతు మారుస్తుంది. చాలామంది దీన్ని వదిలేస్తారు, నాకు బాధగా ఉంటుంది. ఒడియాలోనూ పైనా కిందా గుర్తులుంటాయి కాబట్టి శీర్షికకు అదే 1.5తో మొదలుపెట్టండి. ఫాంటు నోటో శాన్స్ ఒరియా.

పత్రిక పేరుకు ఏ ఫాంటని మీరు అడగలేదు గానీ, చెప్పాలనిపించింది. మీ ఊళ్లోనే పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరున గూగుల్ ఫాంట్స్‌లో ‘గిడుగు’ ఉంది. ఉచితం. పెద్ద సైజులో పత్రిక పేరుకు వాడండి. లోపలి పాఠానికి మాత్రం వద్దు, అది శీర్షికల కోసం చేసిన ఫాంటు.