లిబ్ ఫోల్డర్‌కు తలుపు పెట్టేదెలా?

ప్రశ్న: సార్, రూపాయల అంకెలను తెలుగు అక్షరాల్లోకి మార్చే చిన్న జావాస్క్రిప్ట్ ప్యాకేజీ రాసి, అందరూ ప్యాకేజీలు పంచుకునే ఎన్‌పీఎమ్‌లో పెట్టాను. 'లిబ్' ఫోల్డర్‌లో నా కోసం రాసుకున్న ఒక ఫైలు పేరు మార్చి వెర్షన్ 1.4.1 వదిలాను. మర్నాడే ఇద్దరు మెయిల్ పెట్టారు, వాళ్ల బిల్లింగ్ ఆగిపోయిందట. ఆ ఫైలు వాడమని నేనెక్కడా చెప్పలేదు. తప్పు నాదేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వాడమని చెప్పకపోవడం వేరమ్మా, వాడకుండా ఆపడం వేరు. ఆపే పని మనదే.

నాకు ఇంతకంటే పెద్ద దెబ్బే తగిలింది. నా తేదీల లైబ్రరీలో లోపలి ఫంక్షన్ ఒకటి నెలను 0 నుంచి లెక్కపెట్టేది. దాన్ని 1 నుంచి లెక్కపెట్టేలా మార్చాను. ఒక కుర్రాడు ఆ ఫంక్షన్‌నే నేరుగా తెచ్చుకుని ఆసుపత్రి అపాయింట్‌మెంట్లకు వాడుతున్నాడని నాకు తెలియదు. ఎర్రర్ కూడా రాలేదు, తేదీలన్నీ ఒక నెల పక్కకు జరిగిపోయాయి. ఆ రాత్రి ఫోన్‌లో అతని గొంతు వణకడం ఇంకా గుర్తుంది. మీది పేరు మార్పు కాబట్టి వెంటనే బయటపడింది, అదే నయం.

మీ ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైల్లో 'ఎక్స్‌పోర్ట్స్' అని రాసి, అందులో ఒక్క చుక్క పెట్టి, దాని ఎదురుగా మీ ఇండెక్స్ ఫైలు, అంటే ప్రధాన ఫైలు, దారి ఇవ్వండి. చుక్క అంటే మీ ప్యాకేజీ సింహద్వారం. ఇక ఎవరైనా ప్యాకేజీ పేరు పక్కన 'లిబ్' తగిలించి పిలిస్తే, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ 'ప్యాకేజ్ పాత్ నాట్ ఎక్స్‌పోర్టెడ్' అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ప్యాకేజ్ డాట్ జేసన్‌ను చదివే టూల్స్ కొన్ని ఉంటాయి, దాన్నీ ఆ జాబితాలో చేర్చండి. డిస్క్ మీద ఫైలు పూర్తి దారి ఇచ్చి తెచ్చుకునేవాళ్లను మాత్రం ఇది ఆపలేదు.

'ఫైల్స్' అనే పద్దుతో దీన్ని కలపకండి. ఏయే ఫైళ్లు ప్యాకేజీలో వెళ్లాలో అది చెబుతుంది. 'లిబ్' వెళ్లకపోతే మీ ఇండెక్సే నడవదు. గో భాషలోనైతే 'ఇంటర్నల్' అని ఫోల్డర్ పేరు పెడితే చాలు, బయటివాళ్లను గో కమాండే ఆపుతుంది. పైథాన్‌లో పేరు ముందు అండర్‌స్కోర్ పెట్టడం మర్యాద మాత్రమే.

ఈ 'ఎక్స్‌పోర్ట్స్' మార్పు వల్ల కూడా కొందరి కోడ్ ఆగుతుంది కాబట్టి, పాత కోడ్ ఆగవచ్చని మొదటి అంకెతోనే తెలిసేలా 2.0.0గానే వదలండి. దానికి ముందు, ఇవాళే, పాత పేరుతో ఆ ఫైలు తిరిగి పెట్టి 1.4.2 ఇచ్చేయండి. ఆ ఇద్దరూ ఆ ఫైల్లోంచి ఏం తీసుకున్నారో కూడా అడగండి. లక్షలు, కోట్లుగా విడగొట్టే ఫంక్షనే అయితే దాన్ని ఇండెక్స్‌లోకి తెచ్చి, ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైల్లో రాసి అందరికీ ఇవ్వండి.